ప్రమీలక్క బ్యాటరీ కాపలా

సిద్దిపేట,
ఆదివారం.

రబియా చెల్లెకు,

ప్రమీలక్క దీవెనలు. ఇక్కడ మీ దామోదర్ బావా నేనూ క్షేమం. మా ఇంట్లో నీరసంగా ఉన్నది నా ఫోన్ ఒక్కటే. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్ గురించి ఫోన్‌లో మాట్లాడితే ఉన్న చార్జింగ్ కూడా పోతుంది. ఉత్తరానికి ఆ బాధ లేదు. మీరు కూరగాయల వ్యాపారమని గజ్వేల్ వెళ్లిపోయాక మన రెండిళ్ల మధ్య గోడ పోయింది కానీ మాట పోలేదు కదా. మన వీధి ఉమారాణి ఇప్పుడు గజ్వేల్ బస్సులోనే కండక్టరు. అడిగితే, "నీ ఉత్తరానికి టికెట్ కొట్టనక్కా, రబియక్క చేతిల పెట్టి వస్త" అంది.

అసలు సంగతికి వస్తాను. పొద్దున నిండుగా చార్జింగ్ పెడతానా, మధ్యాహ్నం కూర దించేసరికి ఎర్రగీత. మీ బావను అడిగితే, "బ్యాటరీ ముసల్ది అయింది, మార్పియ్యి" అన్నాడు. ఆయనకు ఏది పాతబడినా మార్చడమే తెలుసు. నన్ను ఇంకా మార్చలేదు, అదే సంతోషం.

రోగం నేనే కనిపెట్టాను. మనం ఒక యాప్ తెరుస్తాం, పని చూసుకుని వచ్చేస్తాం. అది వెనకాల తెరిచే ఉంటుంది, ఖాళీ గదిలో ఫ్యాను తిరిగినట్టు. ఒకరోజు నొక్కి చూస్తే అన్నీ రేషన్ షాపు ముందు జనంలాగా వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ పైకి తోసి పంపించేశాను. వాట్సప్ మరీ మొండిది. దాన్ని సెట్టింగుల్లోకి పోయి బలవంతంగా ఆపుతున్నాను. అది చాలదని పైన విమానం బొమ్మ ఉంటుంది చూడు, అది కూడా నొక్కి ఉంచుతున్నాను. అది నొక్కితే ఫోన్ సిగ్నల్ కోసం దేవులాడటం మానేసి హాయిగా పడుకుంటుంది. నాకు ఎవరితోనైనా పని పడితే అప్పుడు లేపుతాను.

మీ బావ ఫోన్‌కూ ఇదే వైద్యం. కోమటి చెరువు కట్ట మీద వాకింగుకు వచ్చే ఆడవాళ్ల ఫోన్లన్నీ బాగుచేశాను. నిన్న ఉమారాణి టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు తన ఫోన్ కూడా శుభ్రం చేసి పెట్టాను. ఆమెకు చెప్పలేదు. చెప్పి చేస్తే అది ఉపకారం ఎట్లా అవుతుంది?

మీ అమ్మాయి మునీరా పెళ్లి ఇంకా నెల ఉంది కదా. మాంజా నాడు పిల్లకు రాసే పసుపు గురించి నువ్వు చింత పెట్టుకోకు. మద్దూరు చేను నుంచి కొమ్ములు వచ్చాయి, ఉడకబెట్టి ఎండబోశాను. మీ ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లయినా ఆ పసుపు మా ఇంట్లో దంచాలి, మొదటి చేయి మా ఇంటి ఆడదే వేయాలి. మీ ఆడబిడ్డకు మా అత్తమ్మ వేసింది, మునీరాకు నేను వేస్తాను. పెద్దమ్మ అని ఊరికే పిలిపించుకుంటున్నానా?

ఇట్లు,
నీ మేలు కోరే
ప్రమీలక్క.

తా.క. ఈ మధ్య నీ గుడ్ మార్నింగులు రావడం లేదు. నీకు బుద్ధి వచ్చిందని సంతోషించాను.

ఇంకో తా.క. నా ఫోన్‌లో ఒక కాపలా యాప్ ఉంది. ఎవరు పంపారో గుర్తులేదు, ఎవరో నా మంచి కోరినవాళ్లే. ఏ యాప్ తెరుచుకున్నా అది గంట కొట్టి, "శుభ్రం చేయమంటారా?" అని అడుగుతుంది. అన్నిటినీ మూస్తాను కానీ దాన్ని మాత్రం మూయను. కాపలావాణ్ని ఎవరైనా ఇంటికి పంపుతారా?


గజ్వేల్,
బుధవారం.

ప్రమీలక్కకు,

రబియా సలాములు. అల్లా దయవల్ల మేమంతా బాగున్నాం. పెళ్లి ఇల్లు కాబట్టి బాగున్నామని చెప్పుకోవడానికి కూడా తీరిక లేదు.

అక్కా, నాకు బుద్ధి రాలేదు. రోజూ పొద్దున గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పంపుతూనే ఉన్నాను. నా ఫోన్‌లో ఒక్క టిక్కు పడుతుంది, రెండోది పడదు. ఒకటంటే నేను పంపినట్టు, రెండంటే నీకు అందినట్టు. నెల నుంచి నా గులాబీలన్నీ గుమ్మం బయటే నిలబడి ఉన్నాయి. నువ్వు వాట్సప్ మెడ పట్టుకుని ఆపేస్తే అవి ఎట్లా వస్తాయి?

మా హస్నైన్‌కు గజ్వేల్ బస్టాండు దగ్గర మొబైల్ షాపు ఉన్న సంగతి నీకు తెలుసు కదా. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. వాడు నెత్తి పట్టుకుని, "అమ్మా, ఎన్క ఉన్న యాప్ పండుకున్నట్టే. గది తినేది ఏముండది. జాగ సాలకుంటే ఫోనే దాన్ని పంపిస్తది. పెద్దమ్మ మాటిమాటికి సంపి మళ్ల లేపితేనే ఎక్కువ చార్జింగ్ పోతది" అన్నాడు. నాకు అర్థమైంది నేను చెబుతాను విను. ఇంటికొచ్చిన చుట్టం ఒక మూల చాప మీద పడుకున్నాడు. ఏమీ అడగటం లేదు. నువ్వు ఆయన్ను లేపి, బస్సెక్కించి, ఊరికి పంపి, పొద్దున్నే ఫోన్ చేసి మళ్లీ రమ్మని, వచ్చాక టీ పెట్టి, టిఫిను పెట్టి, "ఖర్చు తగ్గింది" అంటున్నావు.

ఇది నీకు తెలియని సంగతేమీ కాదు. బోరు మోటరు మాటిమాటికీ ఆపి వేస్తే స్టార్టరు కాలిపోతుందని బావ మీ చేను చూసే ముత్తయ్యను ఎంత తిట్టాడో నువ్వే నాకు చెప్పావు. ముత్తయ్యకు ఒక న్యాయం, నీకు ఒక న్యాయమా?

సౌదీ దమ్మామ్‌లో ఉన్న మా తమ్ముడు మతీన్‌కు పెళ్లికి సెలవు దొరకలేదు. పాపం, ఏడ్చినంత పనిచేశాడు. నిఖా నాడు మునీరా ముందర స్టాండు మీద ఫోన్ పెట్టి వీడియో కాల్‌లో అంతా చూపిస్తానని హస్నైన్ వాడి మామకు మాట ఇచ్చాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పెళ్లి కార్డు నీకు వాట్సప్‌లో పంపాను, దాని కింద నాలుగు మాటలు కూడా. అందులో ఏముందో ఈ ఉత్తరంలో రాయను. రాస్తే నువ్వు ఫోన్ తెరవవు. తెరువు, చూడు, ఆ తర్వాత మాట్లాడదాం.

ఉంటాను,
నీ చెల్లె
రబియాబీ.

తా.క. ఆ కాపలా యాప్ నీకు పంపినవాళ్లు ఎవరో గానీ వాళ్ల తెలివికి నా సలాం. దొంగ చేతికి గంట ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టి పోయారు. పేరు గుర్తొస్తే రాయి, ఇంత కూడా తెలియదా అని నేనే అడుగుతాను.


సిద్దిపేట,
శనివారం.

రబియాకు,

దీవెనలు. నీ మాట కాదనలేక వాట్సప్ తెరిచాను. విమానం బొమ్మ మాత్రం తీయలేదు. చూడటానికి సిగ్నల్ ఎందుకు, కళ్లద్దాలు చాలు. అందులో నీ కార్డూ లేదు, నాలుగు మాటలూ లేవు. పోయిన నెల నువ్వు పంపిన గులాబీయే చివరిది. పైకీ కిందికీ వెతికి, చార్జింగ్ దండగని మూసేశాను. పంపనిదాన్ని పంపానని అనడం నీకు ఎప్పుడు అలవాటైంది?

మోటరు సంగతి ఎత్తావు. మోటరు వేస్తే నీళ్లు పోస్తుంది, చేను తడుస్తుంది. వాట్సప్ వెనకాల ఉండి ఏం పోస్తుంది? నీ చుట్టం లెక్క కూడా తప్పే. మా ఇంటికి వచ్చే చుట్టాలు ఒక మూల పడుకునే రకం కాదు, వాళ్లను ఎరిగినదాన్ని చెబుతున్నాను.

నా వైద్యం పనిచేస్తున్నదా అని అడుగుతావు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇప్పుడు కూడా మధ్యాహ్నానికే అయిపోతోంది, నిజమే. కానీ నేను మూయకపోతే పొద్దున చాయ తాగేలోపే అయిపోయేది కదా! అందుకే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పొద్దున లేచింది మొదలు ఫోన్ చేతిలోనే ఉంటోంది. ఒకటి తోస్తే ఇంకొకటి కనిపిస్తుంది, కాపలా యాప్ గంట కొడుతుంది, నేను తోస్తాను. బొటనవేలు వాచింది. మీ బావ బామ్ రాస్తూ, "ఇంత కష్టం చేన్ల జేస్తే రెండు పంటలు వచ్చేటియి" అన్నాడు. ఆయనకు నా కష్టం విలువ తెలిసినందుకు సంతోషించాను.

హస్నైన్‌కు చెప్పు, బ్యాటరీలు అమ్ముకునేవాడు బ్యాటరీ మిగిలే ఉపాయం చెబుతాడా? పిల్లవాడు మంచివాడే, వ్యాపారం అట్లాంటిది.

ప్రేమతో,
ప్రమీలక్క.

తా.క. ఉమారాణి మొన్న డ్యూటీకి ఆలస్యంగా పోయిందట. దేవుడి పాట పాడి లేపే అలారం ఆ రోజు పాడలేదని అంటోంది. నిద్ర ఎక్కువైనవాళ్లు దేవుడి మీద కూడా తప్పు పెడతారు.


గజ్వేల్,
మంగళవారం.

ప్రమీలక్కకు,

సలాములు. పంపనిదాన్ని పంపానని అంటానా నేను? ఇన్నేళ్లలో నీకు ఒక్క అబద్ధం చెప్పానా? మీ పెరట్లో జామకాయలు కోసింది మా పిల్లలేనని కూడా నేనే వచ్చి చెప్పాను.

నీకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అంటోంది. బావకు చేస్తే అదే. పొద్దున చేశాను, సాయంత్రం చేశాను, మా ఆయన జానీ పాషా కూడా చేశాడు. మా ఆడబిడ్డ వచ్చి నా ఫోన్ చూసి, "ఒక్క టిక్కే నిలవడ్డదంటే నిన్ను బ్లాక్ చేసినట్టే భాబీ. పెద్దింటోళ్లు గట్లనే చేస్తరు, చెప్పరు" అంది. నేను ఆమె మీద కేకలేశాను. "మా అక్క అట్లాంటిది కాదు" అన్నాను. కానీ ఆమె పోయాక ఆ ఒక్క టిక్కు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నాకు నిజంగా బాధ కలిగింది, దాచుకోవడం ఎందుకు.

తేదీ నీకు పంపాను. మునీరా కూడా తన గొంతుతో చెప్పి పంపింది. అన్నీ పంపాక కూడా లేవంటున్నావంటే నీ మనసులో ఇంకేదో ఉందనుకోవాలి. పసుపు దంచడం కష్టంగా ఉంటే ఆ మాట రాయి అక్కా, వయసు మీద పడుతోంది, నాకు అర్థమవుతుంది. గజ్వేల్ అంగట్లో పసుపు ప్యాకెట్లు దొరుకుతాయి.

సెలవు,
రబియాబీ.

తా.క. "పెద్దమ్మ ఎప్పుడొస్తది?" అని మునీరా రోజూ అడుగుతోంది. దానికి ఏం చెప్పాలో అది కూడా నువ్వే రాయి.


సిద్దిపేట,
శుక్రవారం పొద్దున.

రబియాబీ గారికి,

నమస్కారాలు.

ప్యాకెట్ పసుపా! మునీరా ఒంటికి ప్యాకెట్ పసుపా! ఆ మాట రాయడానికి నీకు చేయెట్లా వచ్చింది? మీ ఆడబిడ్డ మాంజాకు పసుపు తగ్గిందని మా అత్తమ్మ జ్వరంతో లేచి దంచింది. నేను జ్వరం కూడా లేకుండా ఉన్నాను, నాకు వయసు మీద పడిందా?

తేదీ పంపానంటావు. ఏ తేదీ? నిన్న ఉమారాణి వచ్చి, "మునీరా పెండ్లి ముందుకు జరిగిందట గదక్కా, బస్సుల ఆడోళ్లు ముచ్చట పెట్టుకున్నరు. పిలగాని నానమ్మ ఉమ్రాకు మక్కా పోతదట, పోయేలోపు మనుమని పెండ్లి జూస్తనందట" అంది. ఏ రోజుకు జరిగిందో ఆమెకు తెలియదు. అంటే బస్సులో పోయే జనానికి తెలుసు, డ్రైవరుకు తెలుసు, పెద్దమ్మకు తెలియదు. ఆ పిల్లకు మొదటి అన్నం ముద్ద పెట్టింది నేను. నన్ను పిలవకుండా పెళ్లి చేస్తారా మీరు?

రాత్రి కూర్చుని పసుపంతా దంచాను, జల్లించాను. ఈ ఉత్తరంతో పాటు ఉమారాణి చేత పంపుతున్నాను. పెళ్లి ఎప్పుడైతే అప్పుడు వాడుకోండి. మా ఇంటి బాకీ తీరింది. నేను రాను. పిలవని పేరంటానికి పోయే ఇల్లు కాదు మాది.

మునీరాకు నా ఆశీర్వాదం చెప్పు. దాని మీద నాకు కోపం లేదు.

ఇట్లు,
సిద్దిపేట ప్రమీలాదేవి.

తా.క. స్టీలు డబ్బా మా అమ్మ ఇచ్చింది. ఖాళీ చేసి పంపు.


గజ్వేల్,
అదే శుక్రవారం, మధ్యాహ్నం.

నా బంగారు అక్కకు,

అక్కా, ఈ రోజే మాంజా.

పొద్దున్నుంచీ పిల్లకు పసుపు బట్టలు కట్టి పీట మీద కూర్చోబెట్టాం. అందరూ వచ్చారు. నేను పంతానికి పోయి అంగడి నుంచి ప్యాకెట్ తెప్పించాను. మునీరా దాన్ని చూసి మొహం తిప్పుకుంది. "పెద్దమ్మ దంచిన పసుపు రాకుంటే నాకు వద్దే వద్దు. గిట్లనే కూసుంట" అంది. నా ఆడబిడ్డ నచ్చజెప్పింది, జానీ పాషా బతిమాలాడు. పిల్ల కదల్లేదు. అప్పుడు గుమ్మంలో ఉమారాణి, చేతిలో మీ అమ్మ డబ్బా.

నీ ఉత్తరం నేను అక్కడే నిలబడి చదివాను. ముందు ఏడుపొచ్చింది. పిలవలేదంటున్నదే అని ఉమారాణికి చెబితే ఆమె బ్యాగు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "అక్క మిమ్ముల బ్లాక్ జేసిందా? ఆమెకు గది వస్తే గదా! ఆమె ఫోన్ల ఎప్పుడు జూసినా విమానం బొమ్మే. బావ ఫోన్ల గూడ గదే. నా ఫోన్ ముట్టిన తెల్లారి నా అలారం గూడ సచ్చింది" అంది. విమానం బొమ్మ ఉన్నంతసేపు ఏ కబురూ నీ దాకా రాదక్కా. నువ్వు కళ్లద్దాలు పెట్టుకుని చూసింది ఖాళీ గుమ్మం. నీ తప్పు ఇంత, నా పంతం ఇంత. తేదీ ఉత్తరంలోనే రాసి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఇప్పుడు పసుపు వచ్చింది, చేయి రాలేదు. మొదటి చేయి పడందే ఇంకెవరూ ముట్టరు. ఉమారాణి బస్సు ఇప్పుడు తిరిగి సిద్దిపేట వస్తోంది, మళ్లీ సాయంత్రం గజ్వేల్ వస్తుంది. అందులో నువ్వు ఉండాలి. పిల్ల పీట మీదే ఉంటుంది.

నీ
రబియా.

తా.క. డబ్బా పంపను. కావాలంటే వచ్చి తీసుకుపో.


సిద్దిపేట,
గురువారం.

రబియా చెల్లెకు,

అక్క దీవెనలు. క్షేమంగా ఇల్లు చేరాం. డబ్బా నిండా మిఠాయి పెట్టి పంపావు, మీ బావ బస్సు దిగేలోపు సగం ఖాళీ చేశాడు.

నీ ముందు ఏడవలేదు కానీ ఆ శుక్రవారం బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. టికెట్ కొడుతూ ఉమారాణి కూడా ఏడ్చింది. మునీరా బుగ్గలకు పసుపు రాస్తుంటే, "గింత లేటెందుకు పెద్దమ్మా, కాళ్లు తిమ్మిరెక్కినయ్" అంది చూడు, ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల పంతం చూశాక అది నా పెంపకమేనని అందరికీ తెలిసిపోయింది.

హస్నైన్ నా ఫోన్‌లో విమానం బొమ్మ తీసి, వాట్సప్‌ను లేపినప్పుడు ఏమైందో నువ్వే చూశావు. ఫోన్ పూనకం వచ్చినట్టు ఊగింది. నీ గులాబీలన్నీ, కార్డు, తేదీ, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మునీరా గొంతు ఇప్పటికీ రోజూ వింటున్నాను. "పెద్దమ్మా, పెండ్లి ముందుకొచ్చింది, నువ్వు గూడ ముందుగాల్నే రావాలె" అంటుంది. ఇంత మంచి మాటను నేను గుమ్మం బయట నిలబెట్టాను.

ఆ తర్వాత వాడు సెట్టింగులు తెరిచి, ఎవరెవరు ఎంత తిన్నారో చూపించాడు. నువ్వు అప్పుడు వంటల దగ్గరున్నావు. వాట్సప్ తిన్నది పిసరంత. అన్నిటికంటే పైన కాపలా యాప్! "పెద్దమ్మా, గిది కాపలా కాదు. పొద్దంత మేలుకొని గంటలు గొట్టుకుంట నీ చార్జింగ్ తింటున్నది. మిగిలింది స్క్రీన్ తిన్నది, నువ్వు అన్నిటిని తోసుకుంట దాన్ని ఆర్పుతలెవ్వు గదా. తినేటోన్ని ఒక్కన్ని జూసి పంపాలె, పండుకున్నోళ్లందర్ని లేపి కొట్టుడెందుకు?" అన్నాడు. దాన్ని తీసేశాడు. ఇప్పుడు అన్నీ వెనకాల పడుకునే ఉన్నాయి, నేను ముట్టడం లేదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు కూడా ఫోన్ కళకళలాడుతోంది. కంచే చేను మేసిందన్నమాట.

ఇంతవరకు నువ్వే గెలిచావని అనుకుంటున్నావు కదా. ఆగు.

ఆ కాపలా యాప్ పంపినవాళ్ల పేరు తెలిస్తే రాయమన్నావు, ఇంత కూడా తెలియదా అని అడుగుతానన్నావు. నిన్న తీరిగ్గా కూర్చుని వాట్సప్‌లో పాత మాటలన్నీ వెనక్కి తిప్పాను. దొరికింది. పోయిన రంజాన్ నెలలో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ప్రమీలక్కా, ఇది తప్పకుండా వేసుకో. బ్యాటరీ మస్తు నిలుస్తుంది. ఫోన్‌కు కాపలా. నేనూ వేసుకున్నాను. నీ చెల్లె రబియా." కింద గులాబీ కూడా ఉంది.

నేను చేను పోగొట్టుకున్నాను, ఒప్పుకుంటాను. కంచె వేసింది మాత్రం నువ్వు. ఇప్పుడు నీ ఫోన్ తెరిచి చూడు, అది ఇంకా అక్కడే కూర్చుని తింటూ ఉంటుంది. హస్నైన్‌కు చూపించకు, నవ్వుతాడు. నువ్వే తీసేసి, తీశానని నాకు వాట్సప్ పెట్టు. రెండు టిక్కులూ పడతాయి.

నీ మేలు కోరే, ఎప్పుడూ కోరే,
ప్రమీలక్క.

తా.క. ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను. నిఖా నాడు మునీరా కుబూల్ అన్నాక అందరూ భోజనాలకు లేచారు. అక్కడ స్టాండు మీద ఎవరిదో ఫోన్ ఊరికే వెలుగుతోంది. అందులో గడ్డం పెట్టుకున్న ఎవరో ఆయన కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, అక్కా, జర పక్కకు జరుగు, పిల్ల కనవడ్తలేదు" అంటున్నాడు. ఈ సీరియళ్ల వాళ్లకు పెళ్లి ఇంట్లో కూడా ఏడుపే. పాత అలవాటు, చేయి ఊరుకోలేదు, పైకి తోసేశాను. ఆ ఫోన్ ఎవరిదో కనుక్కుని చెప్పు, చార్జింగ్ మిగిలిందని సంతోషిస్తారు.